నిండా చావి ఉన్న గడియారం

సూర్యాపేట బజారులో నర్సయ్య గడియారాల దుకాణం అంటే ఒక తలుపు, ఒక బల్ల, ఒక చాప. అంతే. కానీ చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో ఎవరి జేబు గడియారం మొరాయించినా అక్కడికే రావాలి. అన్నీ తాతలనాటి సరుకు, అన్నిటికీ ఏదో ఒక రోగం. ఆ ఏడు మాత్రం బల్ల దగ్గర నర్సయ్య కూర్చోలేదు, కోడలు దేవమ్మ కూర్చుంది. నర్సయ్య కళ్లకు పొర కమ్మింది. కొడుకు సైదులు ఇంట్లో లేడు.

"ఆడిపిల్ల గడియారం ఇప్పుతదట! ఇగ మొగోళ్లు జడలేసుకోవాలె" అని బజారు నవ్వింది. నవ్వనీ. బజారు నోటికి మూత ఎవరు పెట్టగలరు?

మామ పక్కన కూర్చుని నోటితో చెప్పేవాడు, కోడలు వేళ్లతో చేసేది. భూతద్దం కంటికి ఆనించుకుని, పట్టకారుతో ఆవగింజంత మరలు తీసి, తీసిన వరసలోనే గాజు మూత కింద పెట్టాలి. తుమ్ము వచ్చిందా, ఒక చక్రం పోయినట్టే. ఒకనాడు ఒక మర కోసం చాప దులిపి, నేలంతా ఊడ్చి, చివరికి తన కొంగు మడతలోనే దొరికితే దేవమ్మ పకపకా నవ్వింది. మొగుడు లేని ఇంట్లో నవ్వానే అని ఆ వెంటనే ఏడ్చింది.

అన్నిటికంటే ముందు పాఠం ఒకటుంది. "కమానుల బలం దించకుండ జవానును ముట్టకు బిడ్డా" అనేవాడు నర్సయ్య. కమాను అంటే చావి తిప్పినకొద్దీ బిగుసుకునే ఉక్కు చుట్ట. జవాను అంటే చక్రాలను ఆపి వదిలి, ఆపి వదిలి టిక్కుటిక్కుమనిపించే చిన్న ముక్క. "వాన్ని తీస్తే దినమంత నడవాల్సిన గడియారం ఒక్క ఊపిరిల ఉరికిపోతది. చక్రాల పండ్లు ఇరుగుతయి. ఇగ అది గడియారం కాదు."

సైదులు ఎండాకాలంలో కోదాడ బయలుదేరాడు. బాగుచేసిన గడియారం ఒకటి అక్కడి ఆసామికి ఇచ్చి, రేపటికల్లా వస్తానన్నాడు. అవి పాడు రోజులు, దారిలో తుపాకీ పట్టినవాడిదే రాజ్యం. సైదులు రాలేదు. వారం తర్వాత ఒక బండివాడు, కోదాడ బాటలో దొరికిందని ఒక జేబు గడియారం దుకాణానికి తెచ్చాడు. అది సైదులుదే. గొలుసు తెగి ఉంది. కానీ నడుస్తోంది.

ఒకసారి గుండీ తిప్పి నిండా చావి ఇస్తే ఏ గడియారమైనా ముప్పై గంటలు నడుస్తుంది, అంతే. వారం రోజులు ఎవరూ చావి తిప్పనిది ఎట్లా నడిచింది? నర్సయ్య గడియారం మీది గుండీ పట్టి తిప్పబోయాడు. తిరగలేదు. నిండా చావి ఉంది. మర్నాడు పొద్దున చూస్తే, నిండా ఉంది. ఆ మర్నాడూ అంతే. దేవమ్మ తలగడ కింద పెట్టుకుని పడుకునేది, తెల్లారేసరికి ఎవరో తిప్పి పెట్టినట్టే ఉండేది. ఒక్కోనాడు గుండీ తడిగా ఉండేది. బురద వాసన వచ్చేది.

భయపడాల్సిన ఇల్లు మురిసిపోయింది, చూడండి మనుషుల పిచ్చి! "నా కొడుకే. ఏడనో ఉండి నడిపిస్తున్నడు" అన్నాడు నర్సయ్య. గొడవలు సద్దుమణిగాక ఆయన అక్క భద్రమ్మ వచ్చింది. "దారులు తెరుసుకున్నయి. బతికినోళ్లంత ఇండ్లకు వచ్చిన్రు. ఇగ ఆ పిల్ల గాజులు తీపియ్యిరా తమ్మీ, వానికి కర్మ జెయ్యి" అంది. నర్సయ్య కర్ర ఎత్తాడు. "గడియారం ఆగినదినం నేనే తీపిస్త. పో!"

దేవమ్మ పొయ్యి దగ్గర నిలబడి విన్నది. గాజుల చేతులు రెండూ కొంగులో దాచుకుంది.

దీపావళికి ముందు ముసురు పట్టింది. గడియారం పొద్దున నిండు చావితోనే ఉండేది గానీ మధ్యాహ్నానికి నీరసించి ఆగేది. అరచేతిలో ఊపితే మళ్లీ కదిలేది. ఇంటిల్లిపాదికీ అన్నం సహించడం మానేసింది.

"లోపల నూనె ఎండింది" అన్నాడు నర్సయ్య. "వాడు తిప్పుతనే ఉన్నడు. ఇదే నడుస్తలేదు. ఇప్పి కడుగాలె బిడ్డా. నాకు కండ్లు లేవు, నువ్వే ఇప్పాలె."

ఆ మధ్యాహ్నం దేవమ్మ బల్లను తలుపు దగ్గర వెలుగులోకి జరుపుకుంది. బయట సన్నగా వాన. కిరసనాయిలు వాసన, తడిసిన గోనెల వాసన. వెనక మూత తీయగానే ముక్కుకు గుప్పున బురద కొట్టింది. చక్రాలు మాత్రం శుభ్రంగా మెరుస్తున్నాయి.

ముందు బలం దించాలి. ఎడమ చేత్తో, కమాను వెనక్కి జారకుండా పట్టి ఉంచే కొక్కేన్ని సూదితో పక్కకు నొక్కి, కుడి చేతి రెండు వేళ్లతో గుండీని పట్టి, మెల్లగా వెనక్కి వదలాలి. వదిలింది. గుండీ వేళ్ల మధ్య తిరిగింది. ఐదు చుట్లు... పది... ఏ గడియారమైనా పదిహేనుకు ఖాళీ అయిపోవాలి. ఇరవై... నలభై...

"దిగిందా?" మామ గుసగుసగా అడిగాడు.

"దిగుతున్నది మామా."

గుండీ ఆగింది. వెనక్కి పోవడం లేదు... ముందుకు వస్తోంది. ఆమె వదులుతుంటే ఎవరో తిప్పుతున్నారు. ఆమె రెండు వేళ్ల కింద... ఇంకో రెండు వేళ్లు. చల్లగా. తడిగా. బొటనవేలి మీద అడ్డంగా పాత గాటు. పెళ్లైన కొత్తలో ఆమెకు జామకాయ కోసిస్తూ కోసుకున్న గాటు.

అయినా చెయ్యి తీయలేదు. ఆర్నెల్ల తర్వాత మొగుడి చెయ్యి తగిలితే ఏ ఆడది తీస్తుంది?

"ఏడున్నవ్?" అంది పెదవులతోనే.

ఆ వేళ్లు వణుకుతున్నాయి. చర్మం ఊడిపోయి పుండైనా తిప్పుతూనే ఉన్నాయి. కొంచెం తిప్పి... ఆగి... మళ్లీ కొంచెం.

అప్పుడు తెలిసిపోయింది దేవమ్మకు. అది బతికినవాడి చెయ్యి కాదు. మనిషి ఎండాకాలంలోనే పోయాడు. పోయి కూడా, పెళ్లాం చేతి గాజులు నిలవాలని, ముసలి తండ్రి ఆశ నిలవాలని, రాత్రీ పగలూ ఇదే చాకిరీ చేస్తున్నాడు. నిద్ర లేదు. మేమే పండుకోనిస్తలేము అనుకుంది.

"ఇగ సాలయ్యా" అంది. కన్నీళ్లకు భూతద్దం మసకబారింది. "సాలు. పండుకో."

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?"

"ఎవల్లేరు మామా. బలం దిగింది."

ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. వేళ్లు మెల్లగా విడిపించుకుంది. ఊగే చక్రం తీసింది. పట్టకారుతో జవానును పట్టి... పైకి లేపింది.

ఝుర్ర్ర్ర్...

చక్రాలు కంటికి ఆనలేదు. ఆర్నెల్ల బలం ఒక్కసారిగా ఉరికింది. పళ్లు విరిగి బల్ల మీద చిందాయి. ఆ రొదలో ఎవరో మనిషి నిట్టూర్చినట్టు... తర్వాత ఏమీ లేదు. వాన చప్పుడు.

నర్సయ్యకు కళ్లు పోయాయి గానీ చెవులు పోలేదు. "సంపినవా బిడ్డా..." అన్నాడు. చాప మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దేవమ్మ గడపకేసి తన గాజులు తానే పగలగొట్టుకుంది. పోనీ, మనిషి ఇప్పటికైనా పండుకున్నాడు, ఆ ఒక్క ఊరటతో రెండు రోజులు గడిపింది.

మూడో రోజు మధ్యాహ్నం గొర్ల కాపరి సోమన్న వచ్చాడు. ఊరు దాటాక కోదాడ బాట పక్కన పాడుబడ్డ బావిలో గొర్రెపిల్ల పడితే దిగాడట. అడుగున బురదలో మనిషి ఉన్నాడట. వెండి మొలతాడు ఒకటి ముందు పెట్టాడు. దేవమ్మ గుర్తుపట్టింది.

"మాంసమంత పోయి బొక్కలే మిగిలినయి తల్లీ. పోయి శాన నెలలైంది" అన్నాడు. అక్కడితో ఆపితే బాగుండేది. నర్సయ్యకు వినపడకుండా దేవమ్మ దగ్గరికి జరిగాడు. "కుడి చెయ్యి ఒక్కటే... బొటనేలు, సూపుడేలు... గవి కుళ్లలే. రక్తం కారుతున్నది. నేను సూస్తుంటెనే..."

సోమన్న తన రెండు వేళ్లు ఎత్తి, నడుమ జొన్నగింజ పట్టుకున్నట్టు పట్టి, గాలిలో మెల్లగా తిప్పి చూపించాడు.

దేవమ్మ చూపు ఆ రెండు వేళ్ల మీదే ఉంది. "ఎప్పుడు సూసినవ్ అన్నా?"

"ఇయ్యాల పొద్దుగాల తల్లీ."