మీటరు పెట్టందే స్పేరు అడగకు

“దూతగారి కారులో బాంబు పెడతారు. సమాచారం కెంపుది, కాబట్టి తిరుగులేదు,” అన్నాడు చీఫ్.

కిటికీలు లేని ఆ గదిలో గోడ మీద ఒకే ఒక్క ఫొటో ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వస్తున్న శాంతిదూతది. ఆయన సంతకం చేస్తే సరిహద్దులో తుపాకులు ఆగుతాయి. ఆగితే నోట మట్టి పడేది వాటిని అమ్ముకునే విదేశీ ముఠాకే. ఆ ముఠాలో చేరి మనకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ కెంపు. ఎర్రని పెదవులు, ఎర్ర హెల్మెట్, ఎర్ర బైకు. పైకి మాత్రం మోటార్ సెక్షన్ ఇన్‌స్పెక్టర్. ఆమె నవ్వితే చీఫ్ ఫైలు తలకిందులుగా పట్టుకుంటాడని డిపార్ట్‌మెంటులో అందరికీ తెలుసు.

ఎదురుగా నిలబడిన ఏజెంటు తనను కారు దగ్గర కాపలా పెట్టమని అడిగాడు. చీఫ్ మొహం చిట్లించాడు. నువ్వు కదిలేలోగా కారు వెళ్ళి తిరిగొస్తుంది, వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్ వేషంలో పడుండి ఎస్కార్ట్ బైకులు చూసుకోమన్నాడు. ఏజెంటు కోడ్ నేమ్ నత్త. ఇంట్లోవాళ్ళ వెక్కిరింపునే డిపార్ట్‌మెంటు రికార్డుకెక్కించింది. వెళ్ళేముందు చేతిలో ఒక మల్టీమీటరు పెట్టారు. నాబ్ చివరి గీత దాటిస్తే అది వైర్‌లెస్. ‘బండి తడిసింది’ అంటే ప్రమాదం అని అర్థం.

మర్నాడు వర్క్‌షాపులోకి మొదట వచ్చినవాడు నత్త బావే, అంటే అక్క మొగుడు. కాన్వాయ్‌లో దూతగారి కారుకు ముందు నడిచే పైలట్ బైకు అతనిదే. నత్తకు వేరే ఉద్యోగం ఉందని అతనికి తెలియదు. తెలిసినా నమ్మే రకం కాదు. పొద్దున్నే బ్యాటరీ చచ్చిపడుంటోందనీ, హారన్ పిల్లిపిల్లలా కూస్తోందనీ, రేజ్ చేస్తే ఏదో టిక్కుమంటోందనీ కసిరాడు. చెయిన్ వదులైందని తీర్పు కూడా తనే చెప్పేశాడు.

“మీ అక్క ఏడుస్తుందని ఊరుకున్నాను గానీ, నీ చేతికి సైకిల్ కూడా ఇవ్వకూడదురా,” అన్నాడు.

నత్తకు ఒళ్ళు మండింది. అక్క మీద ఒట్టు వేసుకుని నోరు నొక్కుకున్నాడు.

ముందు బ్యాటరీదే తప్పేమో చూడాలి. మంచిదని తెలిసిన బ్యాటరీ ఇంకో బండి నుంచి తీసి పెట్టి చూడడం వర్క్‌షాపులో మామూలే. పక్కనే కెంపు ఎర్ర బైకు నిలబడి ఉంది. నత్త దాని బ్యాటరీ బావ బండికీ, బావ బండిలో చచ్చినది దానికీ మార్చాడు. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నా మార్చిన బ్యాటరీలో చార్జి కూడా కరిగిపోతోంది. ఫ్యూజులన్నీ పీకాడు. అయినా కరెంటు పోతూనే ఉంది. ఎవడో దొంగ ఫ్యూజులతో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచే తాగుతున్నాడు.

అంతలో కెంపు వచ్చింది. చేతిలో కొత్త రెగ్యులేటర్.

“చార్జింగ్ ఎక్కడం లేదు కదా? ఇది బిగించు. కాన్వాయ్ బయల్దేరుతోంది,” అంది.

నత్త చేతులు ఆగాయి. మీటరు పెట్టందే స్పేరు అడగకు అన్నది ఆ వర్క్‌షాపులో మొదటి పాఠం. రెగ్యులేటర్ పోయిందని తనకే ఇంకా తెలియదు. నాడి చూడకుండా మందు తెచ్చిన వైద్యురాలిని నమ్మేదెలా?

బైకును సెంటర్ స్టాండ్ మీదే ఉంచి స్టార్ట్ చేసి, కొంచెం కొంచెంగా రేజ్ చేశాడు. చక్రం తిరగడం లేదు, కాబట్టి చెయిన్ కాదు. మీటరులో ముల్లు పైకి పాకి, ఉండాల్సిన చోటికి చేరకుండానే ఆగింది. ఆగిన ప్రతిసారీ సీటు కింద టిక్కుమంది. సీటెత్తాడు. వైర్‌లెస్ సెట్ అని లేబుల్ వేసి సీలు చేసిన పెట్టె ఒకటి కనబడింది. ఆ టిక్కు దాని లోపలిదే. బ్యాటరీ నుంచి నేరుగా వెళ్ళిన దొంగ తీగ కూడా దానికే.

నత్తకు లెక్క తేలింది. చార్జింగ్ పూర్తిగా ఎక్కిన క్షణాన పేలాలని ఆ పెట్టె కాచుకుని ఉంది. పాడైన రెగ్యులేటర్ వల్లే బావ ఇన్నాళ్ళూ బతికాడు. ఇప్పుడు కొత్తది పెడితే ముందు బావ, వెనకే దూత. దొంగ చేతికే తాళాలిచ్చి అందరూ కారు వెతుకుతున్నారు.

మూలకు తిరిగి నాబ్ చివరి గీత దాటించాడు. “బండి తడిసింది. కెంపే తడిపింది.”

“కెంపు మన మనిషి. ఎండ మండిపోతోంది, నీ పని చూసుకో,” అంది చీఫ్ గొంతు.

నాబ్ వెనక్కి తిప్పి మీటరు మళ్ళీ బ్యాటరీకి తగిలించేలోగా బావకు ఓపిక చచ్చింది. కొత్త రెగ్యులేటర్ లాక్కుని తనే బిగించి, సీటు దించి ఎక్కాడు. ఇంజన్ గుర్రుమంది. కెంపు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ ఇటుక గోడ దాకా వెళ్ళింది.

“దగ్గరికి రండి మేడమ్. మీరు తెచ్చిన స్పేరే కదా, మీరే రేజ్ చేయండి,” అన్నాడు నత్త.

“నాకు పొగ పడదు,” అంది కెంపు గోడ చాటు నుంచి.

“దిగండి బావా.”

“నువ్వు అవతలికి పోరా,” అంటూ బావ యాక్సిలరేటర్ తిప్పాడు.

ముల్లు ఆ పాత గీత దాటింది. జీవితంలో మొదటిసారి నత్త పరుగెత్తాడు. బావ తొడ కింద నుంచి చెయ్యి దూర్చి, పెట్టెకు వెళ్ళే తీగను కట్టర్‌తో పుటుక్కున తెంపాడు. ముల్లు ఉండాల్సిన చోటికి వెళ్ళి నిలబడింది. టిక్కు వినబడలేదు.

కెంపు పిస్టల్ తీసి కాల్చింది. గుండు మల్టీమీటరుకు తగిలి అది ముక్కలైంది. ఆమె ఎర్ర బైకెక్కి సెల్ఫ్ నొక్కింది. టక్. మళ్ళీ నొక్కింది. టక్ టక్. తుపాకీ చప్పుడు విని కాన్వాయ్ గార్డులు లోపలికి దూసుకొచ్చి చుట్టుముట్టారు. వాళ్ళ వెనకే చీఫ్, ఈసారి ఫైలు సరిగ్గానే పట్టుకుని.

బావ పెట్టెనూ, తెగిన తీగనూ చూసి బైకు దిగాడు.

“ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా,” అన్నాడు.

నత్త అతన్ని పట్టించుకోకుండా, ఇంకా సెల్ఫ్ నొక్కుతూనే ఉన్న కెంపు దగ్గరికి వెళ్ళాడు.

“మీ బండికి చార్జింగ్ ప్రాబ్లమ్ ఉన్నట్టుంది మేడమ్. మీటరేమో మీరే పగలగొట్టారు. టైం పడుతుంది.”