తుప్పు పట్టని ఆకు

"మార్కస్ దగ్గర ఒక గాజు ట్యూబు ఉంది. అందులో గోధుమ ఆకుల్ని తినే విదేశీ తుప్పు తెగులు పొడి. మన గోధుమ రకాల్లో చాలావాటికి దాన్ని తట్టుకునే శక్తి లేదు. వచ్చే జనవరిలో పంజాబ్ గోధుమ పొలాల మీద చల్లడం వాడి ప్లాన్," అన్నాడు చీఫ్ రామ్మోహనరావు, లాలాపేట్ ఫ్లైఓవర్ కింద ఆపిన కారులో. అది 2009 డిసెంబర్.

"రెయిడ్ జేద్దాం సార్."

"ట్యూబు ఎక్కడ దాచాడో వాడి దగ్గర పనిచేసే మన హిమజకే తెలీదు. కంగారుపెడితే గాలిలోకి వదిలేస్తాడు."

ఏజెంట్ ఉపేందర్ నవ్వాడు. దాచిన సరుకు బయటికి తీయించడం ఎలాగో అతనికి తెలుసు. ముసుగుగా ఉప్పల్‌లో పెట్టిన విత్తనాల దుకాణం అతనికి డిపార్ట్‌మెంట్ కంటే ఎక్కువే నేర్పింది.

మార్కస్ షెడ్డు నాచారంలో ఉంది. ముందు గోధుమగడ్డి జ్యూస్ కౌంటర్, వెనుక ట్రేలలో ఉప్పల్ దుకాణం విత్తనాలతో పెంచిన గోధుమ మొలకలు. తుప్పు బూజు బతికున్న ఆకు మీదే పెరుగుతుంది. వాటి మీద చిటికెడు పొడి చల్లి, బస్తాడు చేసుకోవాలని అతగాడి దురాశ. కౌంటర్లో ఎర్ర లిప్‌స్టిక్‌తో హిమజ. జీతం మార్కస్‌ది, రిపోర్టు చీఫ్‌కి.

"అల్లం తక్కువ," అన్నాడు ఉపేందర్. అది కోడ్.

"ఆకుల మీద పసుపు చుక్కలే వచ్చినయ్. తుప్పు పొడి ఇంక రానే రాలే," గ్లాసు అందిస్తూ గొణిగింది హిమజ. "వానికి నా మీదనే డౌట్. జర జల్దీ కానియ్యన్నా, సంపుతడు."

"మళ్ల చల్లనీకి అసలు ట్యూబు తియ్యక ఏడికి పోతడు? తియ్యనీ."

సాయంత్రానికి తీశాడు. విత్తనాల బస్తా భుజాన వేసుకుని ఉపేందర్ షెడ్డులోకి వచ్చేసరికి మార్కస్ ఎడమ చేతిలో ట్యూబు, కుడి చేతిలో పిస్టల్. పిస్టల్ హిమజ నుదుటికి ఆనించి ఉంది.

"విత్తనంలో ఏం కలిపారు?" ఇంగ్లీషులో అడిగాడు మార్కస్.

"ఏం కలపలే," అన్నాడు ఉపేందర్. "నీకు నంబర్ వన్ రకం గావాలంటివి, ఇచ్చిన. బూజు దిగినకాడ ఆ ఆకు తానే మాడి, దానికి మేత లేకుండ జేస్తది. పుట్టుకతోటి వచ్చిన గుణం. రోగం పెంచెటోడు రోగానికి లొంగే రకం అడగాలె. గింత సదువు ఏడ సదివినవ్?"

పిస్టల్ ఇటు తిరిగింది. బస్తా గాలిలోకి లేచి ఆ చేతి మీద పడింది. పిస్టల్ ఎగిరిపోయింది; ఎడమ చేతిలోని ట్యూబు జారి నేల మీద దొర్లింది, బిరడా వదులైంది. దాని కోసం నేల మీదికి దూకిన మార్కస్ వేళ్లను హిమజ హైహీల్‌తో తొక్కిపట్టింది. బిరడా ఊడేలోపు ట్యూబును అందుకుని, పరికరాల కోసం పక్కన మరుగుతున్న నీళ్లలో ముంచేసింది.

చేతులకు బేడీలు పడ్డాక మార్కస్ ఆ రకం పేరేమిటని అడిగాడు. ఉపేందర్ బస్తా తిరిగి భుజానికెత్తుకున్నాడు. కొనేటప్పుడు అడగని గిరాకీకి, దుకాణం కట్టేశాక జవాబు చెప్పే అలవాటు అతనికి లేదు.