పుప్పొడి అంటని చొక్కా

"ఆగండి! ఆ చొక్కాతో లోపలికి రావద్దు."

ల్యాబ్ గుమ్మంలోనే ఆగిపోయాడతను. చేతిలో పుప్పొడి సీసాల డబ్బా. భుజాల మీద సన్నని పసుపు పొడి.

"చొక్కా లేకుండా రమ్మంటారా?"

ఆమె నవ్వలేదు. కొక్కేనికున్న తెల్లకోటు తీసి అతని చేతికిచ్చింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అతనిది మొక్కల నర్సరీ. ఆమె పరిశోధన పుప్పొడి మీద. వారం వారం సీసాలు తెచ్చేవాడు. ఇచ్చి ఊరుకోకుండా ఏదో ఒకటి అడిగేవాడు.

"ఇంత నలుసు మనిషినెలా ఏడిపిస్తుందండీ?"

"తడి తగలగానే అందులోంచి ప్రోటీన్లొస్తాయి. వాటితో పాటు కొన్ని కొవ్వు పదార్థాలు కూడా. ఒంట్లో కాపలా కాసే కణాలను అవి తమ దారికి తిప్పుకుంటాయి. ఇక ఏ పాపం ఎరగని నలుసు మీద ఒళ్ళు యుద్ధానికి దిగుతుంది."

"చాడీలు చెబుతాయన్నమాట. అచ్చం మా పెద్దత్తలాగా!"

ఆమెకు ఆపుకోలేని నవ్వొచ్చింది. ఆ నవ్వు కోసం మళ్ళీ వారం దాకా ఆగడం అతనికి కష్టమైంది.

ఆ యుద్ధం ఆమె ఇంట్లోనూ ఉంది. ఆమె తండ్రి టైలరు. చెట్లు పూతకొస్తే ఇంటి కిటికీలన్నీ మూసేస్తారు. అయినా దగ్గు తెర వచ్చినప్పుడల్లా మిషను ఆగిపోతుంది.

"పెళ్ళి సంగతి మా నాన్నతో మాట్లాడండి" అని ఆమె అన్నాక, అతను తలంటుకుని, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. తండ్రి అతన్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. టీ సగం తాగేలోపే ఆయన ఊపిరి ఈల వేయడం మొదలైంది. ఇన్‌హేలరు చాలలేదు. ఆసుపత్రికి పరుగెత్తారు.

"అబ్బాయి మంచివాడే తల్లీ" అంది అమ్మ, ఆసుపత్రి వరండాలో. "కానీ మీ నాన్న ఊపిరి..."

ఆ సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"ఉతికిన చొక్కానే కదండీ వేసుకొచ్చాను!"

"ఎక్కడ ఆరేశారు?"

"నర్సరీలో. పూతకొచ్చిన చెట్ల మధ్య."

ఆమె కళ్ళు మూసుకుంది. ల్యాబ్‌లో ప్రతిసారీ కోటు తొడిగించిన తను, ఆ ఒక్క ప్రశ్న ముందుగా అడగలేకపోయింది.

"నర్సరీ అమ్మేస్తాను" అన్నాడతను.

"మొక్కలు లేకుండా మీరెలా ఉంటారు?"

"మీరు లేకుండా ఎలా ఉంటాను?"

తండ్రి ఇంటికొచ్చి కోలుకున్నాక జరిగిందంతా చెప్పింది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు.

"అమ్మేస్తానన్నాడా?"

"అవును నాన్నా."

"ఒకసారి రమ్మను. ఆ చెట్ల గాలి తగలని బట్టల్లో."

తెరిపి లేని వాన గాలిని కడిగేసిన రోజున అతను వచ్చాడు. అమ్మ ఇన్‌హేలరు పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆవిడ భుజం మీదుగా తండ్రి తొంగి చూశాడు.

"ఎవరిదయ్యా ఆ చొక్కా?"

"స్నేహితుడిదండీ. వాళ్ళింట్లోనే స్నానం చేసి వచ్చాను."

"భుజాలు మోచేతుల దాకా జారాయి. టైలరు గుమ్మంలో ఇలా నిలబడితే రేపు నా దగ్గరికి గిరాకీ వస్తుందా?"

అతను తల దించుకున్నాడు. "నర్సరీకి బేరం కుదిరేలా ఉందండీ. మీరు సరేనంటే..."

"వద్దు. పూత మీద కోపం నా ఒంటికి. నాకు కాదు."

ఆయన మెడలోని టేపు తీశాడు.

"ఒక జత కుట్టి ఇక్కడే తగిలిస్తాను. వచ్చినప్పుడల్లా పెరటి గుమ్మంలోంచి వచ్చి, స్నానం చేసి, అది తొడుక్కునే లోపలికి రావాలి. ఉతకడం, ఆరేయడం మా ఇంట్లోనే."

అమ్మ కూతురి ముఖం చూసింది. నెమ్మదిగా పక్కకు తప్పుకుంది.

టేపు ఛాతీ చుట్టూ తిరిగింది. ఎక్కడ తన వల్ల మళ్ళీ ఏమవుతుందోనని అతను కొయ్యలా బిగుసుకుపోయాడు.

"ఊపిరి తీసుకోవయ్యా అల్లుడూ" అన్నాడు తండ్రి. "బిగబట్టి నిలబడితే చొక్కా బిగుతవుతుంది."