ఆమె అడిగిన చిన్న ఓడ

"చిన్న ఓడకే వెళ్దామండీ!"

హెప్సిబా నోట ఆ మాట రాగానే ఆమోసు చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలోకి జారింది.

ఆటోనగర్‌లో లారీ బ్యాటరీల షాపు అతనిది. ఆ ఏడాది బాగా అమ్మిన డీలర్లకి కంపెనీ సింగపూర్ నుంచి ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. అందరికంటే ఎక్కువ అమ్మిన ఆమోసుని మాత్రం రెండు ఓడల్లో ఏదో ఒకటి ఎంచుకోమంది. చిన్న ఓడ అయితే భార్యాభర్తలిద్దరికే. వంద మంది ప్రయాణికులు, గదికి సొంత వరండా, అన్నీ రాజభోగాలే! పెద్ద ఓడ అయితే ఒకే గదిలో నలుగురూ సర్దుకోవచ్చు. వేల మంది జనం, మేడ మీద మేడ, మ్యాజిక్ షోలు... ఆంధ్రా డీలర్లంతా కుటుంబాలతో ఆ ఓడకే వెళ్తున్నారు. ఏ సంగతీ మధ్యాహ్నంలోగా చెప్పమని మేనేజరు ఫోన్ చేశాడు.

"విన్నావా ఆమోసూ!" తల్లి అమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కృష్ణ దాటే పంటు పడవ తప్ప ఏదీ ఎక్కని ముండని. ఈ వయసులో ఓడెక్కుతాననుకున్నాను చూడు... నాదే బుద్ధి తక్కువ! మీ ఆవిడకి నేను అడ్డం, పిల్ల అడ్డం!"

"అది కాదు అత్తయ్యా..."

"మరేంటమ్మా? ఈ వయసులో హనీమూనా?"

మోకాలికి పసుపు రాసుకుంటున్న కూతురు హన్నా కిసుక్కున నవ్వింది. రాత్రి కరెంటు పోయినప్పుడు వసారాలో బిందె తన్నుకుని పడింది ఇంటరు చదివే ఆ పిల్ల. ఎప్పుడూ ఏదో ఒకటి తన్నుకుంటూనే ఉంటుంది.

ఆమోసు భార్య వైపు వింతగా చూశాడు. పెళ్ళయ్యాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక ఇది! "ఏంటి హెప్సిబా? అమ్మని వదిలేసి మనిద్దరం ఊరేగుదామా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఎలా చెబుతుంది? కంటి డాక్టరు చెప్పిన మాటలు గుండెల్లో బండరాయిలా పడున్నాయి. "చీకట్లో చూపు ముందే పోయింది కదమ్మా. ఇప్పుడు పక్కచూపు పోతోంది. ఇది ఇంకా దగ్గరికి మూసుకొస్తుంది. దీనికి మందు లేదు. చూడాలనుకున్నవి ఇప్పుడే చూసుకోండి." లేచి వచ్చేస్తుంటే ఆగమన్నాడు. "పిల్లలకి రావచ్చు, రాకపోవచ్చు. మీ అమ్మాయిని ఒకసారి తీసుకురండి."

ఆమె తీసుకెళ్ళలేదు. ధైర్యం చాలలేదు!

చిన్న ఓడ అయితే తడుముకోకుండా తిరగొచ్చు. పగటి వెలుగులో, ఎవరూ లేని వరండాలో, సముద్రం ముందు ఆయన ముఖాన్ని తనివితీరా చూసుకుని, అక్కడ ఆ సంగతి చెప్పేసి ఏడవాలనుకుంది. ఇక్కడ చెబితే గోడలకి చెవులుండక్కర్లేదు, అత్తగారు చాలు. అమలమ్మ చెడ్డది కాదు. కానీ ఇంట్లో ఏం జరిగినా శుక్రవారం స్త్రీల కూడికలో లేచి నిలబడి ప్రార్థన అంశంగా చెప్పేస్తుంది. కొడుక్కి మొలలొస్తే కూడా చెప్పింది! ఆ సాయంత్రం షాపుకొచ్చిన వాళ్ళంతా అతన్ని కూర్చోమనడానికి కూడా మొహమాటపడ్డారు. ఇక ఈ సంగతి తెలిస్తే? "తల్లికి కళ్ళు పోతున్నాయట, పిల్లకీ వస్తుందట" అని పటమట పేటంతా కన్నీళ్ళతో ప్రార్థిస్తుంది. ఆ తర్వాత హన్నాని ఎవరు చేసుకుంటారు?

అమలమ్మ కళ్ళొత్తుకుంటోంది.

"పెద్ద ఓడకే వెళ్దాం లెండి," అంది హెప్సిబా. "సరదాకి అన్నాను."

పెద్ద ఓడ నిజంగానే ఒక ఊరు! అమలమ్మ లిఫ్టులో స్తోత్రం చెప్పుకుంటూ చిన్నపిల్లలా పైకీ కిందకీ తిరిగింది. హెప్సిబా మాత్రం భర్త చొక్కా అంచు పట్టుకుని నడిచింది. "జనంలో సిగ్గు లేదూ!" అని అతను విడిపించుకున్నాడు.

మధ్యాహ్నం మ్యాజిక్ షో. హాల్లో దీపాలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి... హెప్సిబాకి లోకమే ఆరిపోయింది! షో అయ్యాక కూడా ఎర్రటి గుడ్డి దీపాలే. జనం తోసుకుంటూ లేచారు. భుజాలు, మోచేతులు, నవ్వులు... పక్కన ఉండాల్సిన ఆమోసు లేడు!

ఆమె గోడ పట్టుకుని నిలబడిపోయింది. "ఏమండీ!" అని పిలిచింది.

"ఆఁ, వస్తున్నా," అందొక గొంతు.

"ఏంటే?" అందింకొకటి.

"ఏమండీ! ఏమండీ!"

చుట్టూ పకపకా నవ్వులు. "ఏ ఏమండీనమ్మా? ఇక్కడున్నవాళ్ళమంతా ఏమండీలమే! పేరు పెట్టి పిలువమ్మా తల్లీ!" అన్నాడెవరో హనుమాన్ జంక్షన్ డీలరు.

పేరు! ఆయన పేరు ఆమె పెదాలు దాటి ఎన్నడూ బయటకి రాలేదు. కన్నతల్లి నేర్పిన మర్యాద అది. ఇప్పుడు పిలవాలని నోరు తెరిచింది. గొంతు దాటి రాలేదు... ఒక్క అడుగు ముందుకేసింది. అక్కడ మెట్లున్నాయి.

పడిపోయిన ఆమె చుట్టూ జనం మూగారు. ఆమోసు పరుగున వచ్చాడు. పరువు పోయిందన్న కోపంలో అరిచాడు. "కళ్ళు కనబడటం లేదా నీకు?"

హెప్సిబా నుదుటి మీది రక్తం తుడుచుకోలేదు.

"కనబడటం లేదండీ," అంది మెల్లగా. "చాన్నాళ్ళుగా."

నుదుటికి కట్టు కట్టించాక పైడెక్కు మీద ఓ మూల కూర్చుని అంతా చెప్పింది. అమలమ్మకి అది చాలా సేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక కోడలి పాదాలు పట్టుకుంది. "నా నోటికి భయపడి దాచుకున్నావా తల్లీ! నాలుక కోసుకుంటాను... ఈ మాట ఎక్కడా అనను!"

ఆమోసు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "చిన్న ఓడ అడిగావు... నువ్వు అడిగిందే ఒక్కటి! కాదన్నాను!"

"ఊరుకోండి. ఇప్పుడు ఏ ఓడెక్కినా నాకు ఒకటేగా."

పొద్దు గుంకింది. సముద్రం మీద వెలుగు ఇంకా కాస్త మిగిలుంది. పక్కనుంచి తెల్లటి ఓడ ఒకటి నెమ్మదిగా సాగిపోతోంది. ఇంకా దీపాలు వెలిగించలేదు. ఆమోసు గభాలున లేచాడు.

"హెప్సిబా, అదిగో! నువ్వడిగింది అలాంటిదే!"

ఆమె అటు తిరిగింది. అంతా బూడిద రంగు. ఏమీ లేదు.

"నాకు కనబడటం లేదు లెండి... హన్నా, నువ్వు చూసి చెప్పమ్మా. ఎలా ఉంది?"

హన్నా రెయిలింగు పట్టుకుని ముందుకి వంగింది. "ఎక్కడ నాన్నా?"

"అదిగోనే, నా చేతికి ఎదురుగా!"

"ఎక్కడ? చీకటిగా ఉందిగా..."

"ఎంత ఓడ పిల్లా! వరండాలు కూడా కనబడుతున్నాయి. ముసలిదాన్ని, నాకే కనిపిస్తుంటే..." అమలమ్మ మాట మధ్యలో తెగిపోయింది.

హన్నా ఇంకా వెతుకుతూనే ఉంది, మోకాలి మీద ఆ బిందె దెబ్బ మచ్చతో. హెప్సిబా చెయ్యి తడుముకుంటూ వెళ్ళి కూతురి చేతిని పట్టుకుంది. ఏ పిల్లని కాపాడాలని నోరు మూసుకుందో ఆ పిల్ల చేతిని.

ఆమోసు చాచిన చెయ్యి దించడం మర్చిపోయాడు. చిన్న ఓడ వాళ్ళ ఎదురుగానే దాటి వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళు ఖాళీ సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు.