మాటల్లేని రంగం

"ఇంకెంతసేపండీ?" అంది లాయరు.

"ష్... మాట్లాడకూడదు" అన్నారు మాస్టారు.

"కాళ్లు తిమ్మిరెక్కాయండీ!"

"ఎక్కితే ఎక్కనీ. కూర్చో."

చర్చి వెనక హాల్లో ఆదివారం బడి పిల్లలు నాటకం రిహార్సల్ చేస్తున్నారు. బైబిల్లోని పాత కథ అది. చాలా మంచివాడైన ఒక మనిషి ఉన్నట్టుండి ఆస్తినీ, పిల్లల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకుంటాడు. ఒళ్లంతా పుండ్లతో బూడిదలో కూర్చుంటాడు. ఆయన్ని ఓదార్చడానికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఆయన్ని చూడగానే వాళ్లకి నోట మాట రాదు. పక్కనే నేలమీద కూలబడిపోతారు. ఏడు రోజులపాటు ఒక్క మాటా మాట్లాడరు.

ఆ ఏడు రోజుల్ని మాస్టారు రెండు నిమిషాలకు కుదించారు. లాయరుకు ఆ రెండు నిమిషాలే ఏడు రోజుల్లా ఉన్నాయి.

లాయరంటే నిజం లాయరు కాదులెండి. ఐదో తరగతి చదువుతోంది. నోట్లో నువ్వుగింజ నానదు. ఏ ప్రశ్నకైనా జవాబు నాలిక చివరే ఉంటుంది. "ఈ పిల్లతో వాదించడం నా వల్ల కాదు బాబోయ్" అని ఒకసారి వాళ్ల నాన్న చేతులెత్తేశాడు. ఆ రోజునుంచీ ఇంటా బయటా అందరికీ లాయరే. ఆ పిల్లకు కూడా ఆ పేరంటే లోలోపల మహా గర్వం.

మాస్టారికి మిగతా రోజుల్లో మందుల షాపు. "కథైనా మందైనా డోసు ప్రకారమే వెయ్యాలి" అంటారాయన. అందుకే నాటకం కూడా వారానికి ఒక రంగం చొప్పున నేర్పుతారు. తర్వాత ఏమవుతుందో చెప్పమని కాళ్లావేళ్లా పడ్డా చెప్పరు.

"అయిపోయింది! గంట కొట్టినట్టే అనుకోండి" అన్నారు మాస్టారు.

గంట కొట్టాల్సిన పిల్ల ఆ రోజు రాలేదు. స్టేజి పక్కన స్టూలు ఖాళీగా ఉంది.

"ఇప్పుడు మొదటి స్నేహితుడు లేచి మాట్లాడాలి. ఏదీ, నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు."

హమ్మయ్య! ఒక్క గెంతులో లేచి నిలబడింది లాయరు. వేలెత్తి గుండు వైపు చూపించింది. గుండు అంటే మంచి మనిషి వేషం వేసిన అబ్బాయి. ఎర్ర రంగు చుక్కలు దురద పెడుతుంటే వాడు నిజంగానే గోక్కుంటున్నాడు.

"తప్పు చేయనివాడికి కష్టం వస్తుందా? ఏ మచ్చా లేనివాడి ఇల్లు కూలుతుందా? బాగా ఆలోచించుకో మిత్రమా! నీ ఇంట్లో ఎక్కడో ఒక తప్పు దాగి ఉంది!"

హాలంతా చప్పట్లు. "అబ్బో, వణుకు పుట్టించావే!" అన్నాడు గుండు.

లాయరు ఇంటికెళ్లే దారంతా ఆ మాటలే చెప్పుకుంది. ఎంత బాగున్నాయి! వినగానే అన్నిటికీ జవాబు దొరికినట్టే ఉంది.

ఆ సాయంత్రం అమ్మ లాయరును వెంటబెట్టుకుని పిచ్చుక వాళ్లింటికి వెళ్లింది.

గంట కొట్టాల్సిన పిల్ల ఈ పిచ్చుకే. సన్నగా ఉంటుంది, చిన్న గొంతుతో మాట్లాడుతుంది. లాయరు మాట్లాడుతుంటే పిచ్చుక వింటుంది. ఒకటో తరగతినుంచీ వాళ్ల స్నేహం అలాగే సాగుతోంది.

పిచ్చుక వాళ్ల నాన్న కిటికీలకు అద్దాలు బిగిస్తాడు. శుక్రవారం నాడు ఒక బిల్డింగులో పని చేస్తుంటే నిచ్చెన మెట్టు విరిగి కిందపడ్డాడు. నడుము దగ్గర ఎముక విరిగింది. మళ్లీ ఎప్పటిలా నడవగలడో లేదో డాక్టర్లు ఇప్పుడే చెప్పలేమన్నారు. కట్టు కట్టి ఇంటికి పంపితే, లోపలి గదిలో పడుకోబెట్టారు.

పెద్దవాళ్లు లోపల గదిలో మాట్లాడుకుంటున్నారు. ముందుగదిలో నేలమీద పిచ్చుక అట్టపెట్టెలు మడుస్తోంది. బేకరీ వాళ్ల కేకు పెట్టెలు అవి. మామూలుగా వాళ్లమ్మ మడిచేది. ఇప్పుడు ఆమెకు నాన్న పక్కనుంచి లేవడానికే కుదరడం లేదు.

"లాయరూ" అంది పిచ్చుక తలెత్తకుండా. "దేవుడు మంచివాడు కదా?"

"చాలా మంచివాడు."

"ఆయన అన్నీ చేయగలడు కదా?"

"అన్నీ చేయగలడు."

"మరి మా నాన్ననెందుకు పట్టుకోలేదు?"

అడగడమే ఆలస్యం. పొద్దున నేర్చుకున్న మాటలు లాయరు నోట్లో రెడీగా ఉన్నాయి. వేలు కూడా దానంతటదే లేచింది.

"తప్పు చేయనివాడికి కష్టం వస్తుందా? బాగా ఆలోచించుకో. మీ ఇంట్లో ఎక్కడో ఒక తప్పు దాగి ఉంది!" అంది. "ఇది నా సొంత మాట కాదే. బైబిల్లో ఉంది!"

పిచ్చుక చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. ముఖం తెల్లగా పాలిపోయింది. లేచి లోపలికి వెళ్లిపోయింది. లాయరు ఎంతసేపు చూసినా మళ్లీ బయటికి రాలేదు.

మర్నాడు స్కూల్లో పిచ్చుక వేరే బెంచీలో కూర్చుంది. లంచ్ బాక్సు మూత కూడా తీయలేదు. లాయరు పలకరిస్తే తల తిప్పేసుకుంది. వారమంతా అదే వరస.

లాయరుకు ముందు ఒళ్లు మండింది. "నేనేమన్నానని? ఉన్న మాటే కదా చెప్పాను!" అని అమ్మ దగ్గర మూతి ముడుచుకుంది. ఏం మాట చెప్పావని అమ్మ అడిగితే మాత్రం, ఎందుకో ఆ డైలాగు చెప్పకుండా మాట మార్చేసింది. గురువారం అయ్యేసరికి కోపం పోయి దిగులు మిగిలింది. తను చెప్పేది వినేవాళ్లు పక్కన లేకపోతే ఎంత చప్పగా ఉంటుందో ఆ పిల్లకు మొదటిసారి తెలిసింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. స్టూలు ఖాళీగానే ఉంది.

"ఇవాళ ఆఖరి రంగం" అన్నారు మాస్టారు. "తెర వెనకనుంచి దేవుడి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు నాదే. నవ్వారంటే ఊరుకోను."

పిల్లలు నవ్వు ఆపుకుని కూర్చున్నారు. మాస్టారు తెర వెనక్కి వెళ్లి గొంతు సవరించుకున్నారు.

"స్నేహితులారా! మీరు పలికిన మాటలు సరైనవి కావు. కష్టంలో ఉన్నవాడి మీద లేని తప్పు మోపారు. మీ మీద నాకు కోపంగా ఉంది!"

లాయరు దిగ్గున లేచింది.

"ఆగండి, ఆగండి!" అంటూ పరుగున వెళ్లి తెర పక్కకు లాగింది. "మొదటి స్నేహితుడు కూడానా? నా డైలాగు కూడానా?"

"అందరికంటే ముందు నీదే అమ్మా."

"తప్పు మాటలైతే బైబిల్లో ఎందుకున్నాయండీ?"

"అవి తప్పని చివర్లో దేవుడే చెప్తాడు కాబట్టి. అక్కడిదాకా వినాలి మరి" అంటూనే మాస్టారు ఆ పిల్ల ముఖం చూసి ఆగిపోయారు. "ఏమైందమ్మా?"

లాయరు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. జరిగిందంతా చెప్పేసింది.

మాస్టారు తల పట్టుకుని మెట్టుమీద కూర్చున్నారు. "అయ్యో! నిన్ను అనాల్సిన పని లేదు. సగం కథ చెప్పి పంపింది నేనేగా. డోసులూ వద్దు, నా తెలివీ వద్దు."

లాయరు ఆయన పక్కన కూర్చుని ముక్కు తుడుచుకుంది. "అయితే సరైన జవాబేంటో చెప్పండి. వెంటనే వెళ్లి పిచ్చుకకు చెప్పేస్తాను. దేవుడెందుకు పట్టుకోలేదండీ?"

మాస్టారు ఖాళీ స్టూలు వైపు చూశారు.

"నిచ్చెన మెట్టు పుచ్చిపోయిందని ఆ బిల్డింగువాళ్లకి తెలుసట. అయినా మార్చలేదు. అది మనుషుల నిర్లక్ష్యం. దేవుడు మనల్ని కీ ఇస్తే తిరిగే బొమ్మల్లా చేయలేదమ్మా. మంచీ చేయొచ్చు, చెడూ చేయొచ్చు. కొన్ని బాధలు అలా వస్తాయి."

"మరి మిగతావి?"

"పసిపిల్లలకి పెద్ద పెద్ద జబ్బులొస్తాయి. వాళ్ల అమ్మానాన్నలు మందుల కోసం నా షాపుకే వస్తారు. అది మాత్రం ఎందుకో నాకు తెలీదు. షట్టర్ దించేశాక నేనూ అడుగుతుంటాను, ఎందుకు ప్రభువా అని."

"మీరు కూడా అడుగుతారా? అలా అడిగితే దేవుడికి కోపం రాదా?"

"సిలువమీద యేసే అడిగాడు కదమ్మా, నన్నెందుకు వదిలేశావని. మనం అడిగితే కోప్పడతాడా?" మాస్టారు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "ఒకటి మాత్రం నమ్ముతాను. దేవుడు మన బాధను పైనుంచి చూస్తూ ఊరుకోలేదు. దిగి వచ్చి మనతోపాటు తనూ పడ్డాడు. ఒకరోజు అందరి కన్నీళ్లూ ఆయనే తుడుస్తాడు. ఆ రోజెప్పుడో నాకు తెలీదు."

"ఈ కథలో ఆ మంచి మనిషికైనా కారణం చెప్పాడా?"

"చెప్పలేదు."

"చెప్పలేదా!"

"చెప్పలేదు. కానీ దేవుడు దగ్గరికి వచ్చి మాట్లాడాడు. ఆ మనిషి మనసు కుదుటపడింది."

లాయరు కాసేపు గోళ్లు చూసుకుంది. "మరి ఆ ముగ్గురు స్నేహితులు ఒక్క మంచి పనైనా చేయలేదా?"

"చేశారు. మొదట్లో."

"మొదట్లోనా? అప్పుడేం చేశారు? ఊరికే కూర్చున్నారు!" అని, ఆ మాట పూర్తవుతుండగానే నాలిక్కరుచుకుంది లాయరు.

ఆ సాయంత్రం లాయరు పిచ్చుక వాళ్లింటికి వెళ్లి తలుపు తట్టింది. తలుపు పిచ్చుక వాళ్లమ్మ తీసింది.

"పిన్నీ, లోపలికి రావచ్చా?"

"రామ్మా. అదేంటో, పిచ్చుక నాతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు. నువ్వైనా మాట్లాడించు" అంటూ ఆమె లోపలి గదిలోకి వెళ్లింది.

పిచ్చుక ముందుగదిలోనే ఉంది. లాయరును చూసి తల దించేసుకుంది.

లాయరు ఎదురుగా కాకుండా పక్కన కూర్చుంది. ఒక అట్ట తీసుకుంది. నాలుగు వైపులా పైకి లేపింది. చెవుల్లాంటి ముక్కల్ని సందుల్లో దూర్చింది. చేయి తీయగానే పెట్టె ఫట్‌మని విచ్చుకుంది. మళ్లీ మడిచింది. మళ్లీ విచ్చుకుంది.

నోరు తెగ దురద పెట్టింది. 'సారీ' అనాలనిపించింది. 'మీ నాన్నకు తప్పకుండా తగ్గిపోతుంది' అనాలనిపించింది. కానీ అది తనకెలా తెలుసు? పెదవులు బిగబట్టుకుని మూడో పెట్టె తీసుకుంది. కాళ్లు తిమ్మిరెక్కాయి. కదల్లేదు.

లోపలినుంచి పిచ్చుక వాళ్ల నాన్న గొంతు వినిపించింది. "లాయరొచ్చిందన్నారు, ఇల్లింత నిశ్శబ్దంగా ఉందేంటి? ఆ పిల్లకు ఒంట్లో బాగోలేదా ఏంటి, ఓసారి చూడండి!"

పిచ్చుక ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది.

"ఆ రోజు పొద్దున నాన్న పనికెళ్తూ టాటా చెప్పాడే. నేను చెప్పలేదు. కొత్త షూస్ కొనలేదని అలిగాను. తలుపు వెనక దాక్కున్నాను." ఎక్కిళ్లమధ్య మాటలు విరిగిపోతున్నాయి. "మా ఇంట్లో దాగి ఉన్న తప్పు నాదే. నా వల్లే నాన్న పడిపోయాడు."

వారం రోజులుగా పిచ్చుక మోస్తున్నది ఇదా! లాయరు చేతిలోని అట్ట కింద పెట్టేసింది. ఆ బరువు తనే నెత్తిన పెట్టింది. చప్పున స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పింది తప్పే. పచ్చి తప్పు. కథలో అలా అన్నవాళ్లని దేవుడే కోప్పడ్డాడు. నాకు ఆ సంగతి తెలీక వాగాను. నీ వల్ల కాదే. నువ్వు అలిగినందుకు నిచ్చెన విరగదు."

"నిజంగా?"

"నిజంగా. కావాలంటే మాస్టారిని అడుగు."

పిచ్చుక లంగాతో కళ్లు తుడుచుకుంది. చాలాసేపు లాయరు ముఖంలోకి చూసింది.

"మరి నాన్ననెందుకు పట్టుకోలేదు?"

"తెలీదు" అంది లాయరు.

పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల నోటినుంచి ఆ మాట రావడం అదే మొదలు. పిచ్చుక ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత మెల్లగా జరిగి లాయరు భుజానికి ఆనుకుంది.

"నీ పెట్టె ఊడిపోతోంది. ముందు ఈ చిన్న చెవిని లోపలికి నొక్కాలి. చూడు" అంది.

"మళ్లీ చూపించు."

పిచ్చుక మళ్లీ చూపించింది. ఈసారి లాయరు పెట్టె నిలబడింది.

మధ్యలో పిచ్చుక లేచి లోపలికి వెళ్లింది. "టాటా నాన్నా" అనడం బయటికి వినిపించింది. "ఇప్పుడు టాటా ఏంటే? నేనెక్కడికెళ్తున్నాను?" అన్నాడు వాళ్ల నాన్న. పిచ్చుక ఏం చెప్పిందో వినిపించలేదు. తిరిగొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ ముఖం తేటపడింది. మళ్లీ పక్కన కూర్చుని అట్ట అందుకుంది.

కిటికీ బయట వీధి దీపాలు వెలిగాయి. లాయరును తీసుకెళ్లడానికి అమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి, ఒకదానిమీద ఒకటి పేర్చిన తెల్ల పెట్టెల్నీ, పక్కపక్కన కూర్చున్న పిల్లలిద్దర్నీ చూసింది.

"ఇంతసేపూ ఏం కబుర్లు చెప్పుకున్నారే?"

"పెద్దగా ఏం లేదమ్మా" అంది లాయరు, తిమ్మిరెక్కిన కాళ్లను కాస్త సర్దుకుంటూ. "ఇంకాసేపు కూర్చుంటాను."