గాలి తిరిగేలోపు

పెళ్ళయిన ముప్పయ్యారేళ్ళకి ఫ్లోరెన్స్‌కి సవతి వచ్చింది. ఇరవై రెండడుగుల పొడవు, తెల్లటి ఫైబర్ ఒళ్ళు, వయసు ముప్పై దాటింది. ఓ క్లబ్బు వాళ్ళు వద్దనుకుని అమ్మేస్తూంటే, పోర్టులో రిటైరైన నెలలోనే దేవకుమార్ ఆ తెరచాప పడవని కొనేశాడు. రెండేళ్ళుగా దానికి కొత్త తాళ్ళు, కొత్త తెరచాప, చిన్న ఇంజను, సోలార్ పలక అంటూ ముస్తాబు చేస్తూనే ఉన్నాడు. ఈ జనవరిలో తీరం వెంబడి ఒక్కడే కాకినాడ వెళ్ళొస్తానని కూర్చున్నాడు.

ఆ ఉదయం ఉప్మా తింటూంటే స్పూను పళ్ళేనికి టకటకా కొట్టుకుంది. దేవకుమార్ చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఆ వణుకేటండీ?"

"వయసే. అరవై రెండొచ్చాక వణక్కేటి సేత్తాది?" అంటూ లేచాడు. "ఇయ్యాల పడవ అడుగు విప్పీస్తన్నాం. వచ్చేసరికి ఆలస్యమవుద్ది."

ఫ్లోరెన్స్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "విప్పడమేటి? పాడైపోయిందన్నారు గదా, వదిలేయొచ్చు గదా?"

"ఎల్లాజీ బావ తప్పు పట్టాడు. పెద్దోడు తప్పు పట్టిన పడవని విప్పి సూడకుండా నీళ్ళలో దించకూడదు. జాలరోళ్ళ కట్టుబాటది."

ఆమె నిజం చెప్పెయ్యబోయి, పళ్ళెం తీసుకుని లేచింది. అతను చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమెకి నీళ్ళంటే భయం. బీచికెళ్ళినా ఇసుక దాటి అడుగెయ్యదు. వద్దని ఏడ్చింది, పాస్టరు గారి చేత చెప్పించింది, కూతురు మిరియం చేత ఫోన్లు చేయించింది. ఎవరి మాటా చెల్లలేదు. చివరికి పోయిన వారం యారాడ వెళ్ళి ఎల్లాజీ కాళ్ళావేళ్ళా పడింది. పుట్టిందగ్గర్నుంచీ చేపల వేటకెళ్ళే మనిషి. పడవల విషయంలో అతని మాట దేవకుమార్‌కి వేదవాక్కు.

"పడవ మీద అబద్దం ఆడమంతావేటి సెల్లెమ్మా?" అని ముందు కస్సుమన్నాడు ఎల్లాజీ. ఆమె ఏడుపు చూడలేక ఒప్పుకున్నాడు. మర్నాడే పడవ అడుగున తట్టి, చెవి ఆనించి, "సప్పుడు బాగోలేదు బావా, బోల్టుల్ని తుప్పు తినీసినట్టుంది" అనేశాడు. పడవ బోర్లా పడకుండా నిలబెట్టే ఇనపబరువుని పట్టుకుని ఉండే ఆరు బోల్టులవి. దాంతో మొగుడి పిచ్చి వదులుతుందనుకుంది ఈ అమాయకురాలు. ఆ కట్టుబాటు సంగతి ఆమెకేం తెలుసు?

మధ్యాహ్నం మూడింటికి దేవకుమార్ తిరిగొచ్చాడు. జుట్టంతా తెల్లటి ఫైబర్ పొడి. కాళ్ళు కూడా కడుక్కోకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"ఆరు బోల్టులూ కొత్తవాట్లా ఉన్నాయి ఫ్లోరా. దించుతూంటే ఆ బరువు జాకీ మీంచి జారిపోయింది. అడుగంతా పగిలిపోయింది. అది సూసి ఎల్లాజీ నెత్తి బాదుకుని మొత్తం సెప్పీసాడు."

"మానేస్తారనుకున్నానండీ..." అంది ఆమె. "బాగు సేయించండి. ఈస్టరు దాకా పట్టినా సరే. నాను ఇంక అడ్డురాను."

"ఈస్టరుకి గాలి తిరిగిపోద్ది. కాకినాడ వైపు తోసే గాలి మళ్ళీ వచ్చే సలికాలమే."

"అయితే వచ్చే ఏడే వెళ్దురు!"

అతను లేచి, బీరువాలో తన చొక్కాల అడుగునుంచి ఒక ఆసుపత్రి ఫైలు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "పార్కిన్సన్స్ అంట. వచ్చే ఏటికి ఈ సెయ్యి ఎంత మాట వింటాదో సెప్పలేం అన్నాడు డాక్టరు."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే వెళ్ళనిచ్చీదానివా?"

ఇచ్చేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"టగ్గు మీద ముప్పై నాలుగేళ్ళు," అన్నాడతను కిటికీ వైపు చూస్తూ. "ఎవరెవరి ఓడల్నో బయటి దాకా తీసుకెళ్ళి, అక్కడ వదిలీసి ఎనక్కొచ్చీవోణ్ణి. ఒక్కసారి తిరక్కుండా ముందుకెళ్ళాలనుండేది. అంతే."

తిట్టినా బాగుండునని ఫ్లోరెన్స్‌కి అనిపించింది. అతన్ని దక్కించుకుందామని దొంగిలించింది అతని దగ్గర మిగిలిన ఒక్క ఏడాదినే. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? దేవుణ్ణి ఏమని అడగాలో కూడా తెలియలేదు. చాలాసేపు ఏడ్చి, చివరికి అతని కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"నేర్పండి నాకు."

"ఏటి?"

"తాడు కట్టడం. వచ్చే జనవరికి మీ సెయ్యి మాట వినకపోతే నా సెయ్యుంది."

"నీళ్ళంటే సచ్చీంత భయం గదే నీకు!"

"భయమే. పడవెక్కినా భయమే. అయినా నేర్పండి."

దేవకుమార్ పడవ పనిముట్ల సంచిలోంచి తాడు ముక్క తీసి, మెలితిప్పి, కొసని లోపలికి దూర్చబోయాడు. వేళ్ళు వణికి కొస పక్కకి జారింది. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ జారింది. సాయం చెయ్యడానికి ముందుకొస్తున్న చేతుల్ని ఫ్లోరెన్స్ చీరకుచ్చెళ్ళలో గట్టిగా బిగించి పట్టుకుంది.

"నిదానంగా కట్టండి. తొందరేటీ లేదు," అంది, కన్నీళ్ళు తుడుచుకోకుండానే.

మూడోసారీ జారింది. అతను మళ్ళీ మొదలుపెట్టాడు.