ఎర్ర పందిరి కింద

పలెర్మోలో శనివారం పూట బల్లరో బజారులో మాటకు మాట వినబడదు. చేపలవాడి కేక మీద నిమ్మకాయలవాడి కేక, ఆ పైన చర్చి గంట. అంత సందడిలోంచీ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది నున్సియా. ఉడికించిన ఆర్టిచోక్ మొగ్గలు అమ్ముకునే మనిషి, మొగుడు పోయాడు, పాపం. డిటెక్టివ్ సవేరియో, అతని సహాయకుడు మిమ్మో అప్పుడే కాఫీకి కూర్చున్నారు.

“అయ్యా, మీరే దిక్కు! గాస్పరే చేపల కొట్లో వాళ్ళ నాన్ననాటి ఇత్తడి త్రాసు పోయింది. నేనే ఎత్తుకెళ్ళానంటున్నారు. సాయంత్రంలోగా నా బండి ఈ సందులోంచి తీసేయాలట. పిల్లలకేం పెట్టను?”

సవేరియో కాఫీ వదిలేసి లేచాడు.

చేపల కొట్టు మీద ఎర్రగుడ్డ పందిరి. దాని కింద ట్యూనా ముక్కలు అప్పుడే కోసినట్టు మెరుస్తున్నాయి. త్రాసు వేలాడే కొక్కెం బోసిగా ఉంది.

“ఎవరు చూశారు?”

“నేను,” అన్నాడు ఎదురుకొట్టు కలోజెరో, నిమ్మకాయ పిండుతూనే. “త్రాసు దించుతుంటే వెనకనుంచి చూశా. తలకు ఎర్రగుడ్డ. ఈ సందులో ఎర్రగుడ్డ కట్టేది ఈవిడొక్కతే.”

“వ్యాపారం బాగుందా?”

“బాగోకేం! గాస్పరే వాళ్ళమ్మ పొద్దున్నే తెల్లగా తలగుడ్డ కట్టుకొచ్చి, పిండేసిన చెక్కలు కూడా ఏరుకుపోయింది.”

“మా అమ్మ ఊసెందుకురా నీకు?” గాస్పరే గుడ్లురిమాడు.

సవేరియో మిమ్మో చెవిలో ఏదో చెప్పి పంపాడు. అందరినీ దగ్గరకు పిలిచి, తన తెల్ల రుమాలు పందిరి కిందకు చాచాడు. రుమాలు ఎర్రబడింది.

“నిన్నటి చేప ఇవాళ్టిదిలా కనబడాలనే కదయ్యా గాస్పరే, ఈ ఎర్రగుడ్డ?” జనం గొల్లున నవ్వారు. “చేపకు రంగేసిన పందిరి తలగుడ్డను వదులుతుందా? కలోజెరో చూసింది తెల్లగుడ్డే. పట్టపగలు ఎవరూ ‘ఏయ్’ అనకుండా త్రాసు దించేది ఇంటి మనిషే. ఇక పిండిన నిమ్మచెక్కలంటారా, ఇత్తడి తోమడానికి అంతకంటే ఏం కావాలి?”

అంతలో మిమ్మో వెంట గాస్పరే తల్లి వెనెరమ్మ వచ్చింది. చేతిలో త్రాసు బంగారంలా ఉంది.

“రేపు మీ నాన్న పోయిన రోజు కదురా. మెరిపిద్దామని పట్టుకెళ్ళా. ఈ గొడవేంట్రా?”

మిమ్మో ఉండబట్టలేక, “అయ్యా, మీ కళ్ళకు దిష్టి తీయాలి!” అన్నాడు.

గాస్పరే తల దించుకున్నాడు. “నున్సియా, నా నోరు పడిపోను. తప్పయిపోయింది. ఇకనుంచి నీ బండి మా పందిరి నీడలోనే పెట్టుకో తల్లీ.”

“చల్లగా ఉండు అన్నా, కానీ వద్దులే. నా పచ్చటి మొగ్గలు నీ పందిరి కింద ఎర్రబడితే ఎవరు కొంటారు? నా ఎండ నాకు చాలు.”

కళ్ళు తుడుచుకుని, వేడివేడి మొగ్గలు పొట్లం కట్టి సవేరియో చేతిలో పెట్టింది. “ఉప్పు కాస్త ఎక్కువెయ్యి తల్లీ,” అన్నాడాయన.

ఆ సాయంత్రం బజారు కేకలన్నిటి మీదా నున్సియా కేకే పైకి వినిపించింది.